లక్షణం చెప్పే ఆన్‌లైన్ తరగతి: అయిదు నెలలు చదివాక నా సమీక్ష

కళాశాల అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో సంగీతం సబ్జెక్టు రాయాలని నిర్ణయించుకున్నప్పుడు నాకున్న ధైర్యమల్లా గాత్రంలో చేసిన ఎం.ఏ., పదకొండేళ్లుగా పిల్లలకు సరళీస్వరాల నుంచి వర్ణాల దాకా చెబుతున్న అనుభవం. పాత ప్రశ్నపత్రం ఒకటి ముందేసుకుని కూర్చున్న అరగంటలోనే ఆ ధైర్యం సగానికి సగం పడిపోయింది. పాడటం వచ్చినవారికి లక్షణం, అంటే సంగీత శాస్త్రం, దానంతట అదే వస్తుందని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది. భైరవి రాగంలోని అట తాళ వర్ణాన్ని ఇరవై ఏళ్లుగా పాడుతున్నాను, దాని తాళం ఖండజాతి అట అని, ఒక ఆవర్తానికి అక్షరాలు, అంటే లెక్కలు, 14 అని నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయితే అవే 14 అక్షరాలు వచ్చే మరో తాళం ఏదని అడిగేసరికి వేళ్లు ముడుచుకుని లెక్క మొదలుపెట్టవలసి వచ్చింది. ఆ రాత్రే ఒక ఆన్‌లైన్ శిక్షణ తరగతి వివరాలు కనుక్కుని, మరుసటి వారం చేరాను. అయిదు నెలలు చదివి, పరీక్ష రాసి వచ్చాను. ఫలితం ఇంకా వెలువడలేదు. ఫలితం తెలిశాక రాస్తే ఆ సంతోషమో కోపమో సమీక్షలోకి చొరబడుతుంది కనుక ఇప్పుడే రాస్తున్నాను.

తరగతి పేరు రాయడం లేదు. ముగ్గురు ఉపాధ్యాయులు తమ ఇళ్ల నుంచి నడుపుకుంటున్న చిన్న శిక్షణ అది. మెచ్చుకోవలసినవాటితోపాటు నచ్చనివి కూడా విడవకుండా చెప్పదలచుకున్నాను కాబట్టి, ఒక్క బ్యాచి అనుభవాన్ని వారి పేరుకు ముడిపెట్టడం న్యాయం కాదనిపించింది. పైగా చేరేముందు నేను విచారించిన మరో రెండు తరగతుల పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. ఎక్కడ చేరబోయేవారికైనా ఈ వివరాలు పనికివస్తాయి. వారానికి మూడు రోజులు రాత్రి 8 గంటల నుంచి 9:30 వరకు పాఠం, ఆదివారం ఉదయం నమూనా పరీక్ష. ఫీజు 9,000 రూపాయలు. అచ్చువేసిన నోట్సుకు తపాలా ఖర్చుతో కలిపి మరో 1,400. బ్యాచిలో మొత్తం ఇరవై ఇద్దరం. వారిలో ఎక్కువమంది నాలాగా ఇంట్లో పాఠాలు చెప్పుకునేవారు, కొందరు ఎం.ఏ. చదువుతున్న పిల్లలు, ఒక నాగస్వర విద్వాంసుడు, కువైట్‌లో ఉంటూ అక్కడి తెలుగు పిల్లలకు సంగీతం నేర్పుతున్న ఒకామె.

తెలియనివారి కోసం పరీక్ష స్వరూపం గురించి రెండు మాటలు. నెట్ కంప్యూటరు మీద రాసే పరీక్ష. మూడు గంటల్లో 150 ప్రశ్నలు, ప్రశ్నకు రెండేసి మార్కుల చొప్పున 300 మార్కులు. తప్పు జవాబుకు కోత లేదు. మొదటి 50 ప్రశ్నలు బోధన, పరిశోధన అభిరుచుల మీద అన్ని సబ్జెక్టులవారికీ ఉమ్మడిగా ఉంటాయి, మిగతా 100 సంగీతం మీద. సంగీతం అంటే మన కర్ణాటక సంగీతం ఒక్కటే కాదు. హిందుస్థానీ, రవీంద్ర సంగీతం, తాళవాద్యాలు కూడా ఆ ఒక్క సబ్జెక్టు గొడుగు కిందివే. కొన్ని యూనిట్లు ఈ శాఖలన్నింటికీ సమానం కావడంతో, ఎవరి శాఖ వారు మాత్రమే చదువుకుంటే సరిపోదు. ప్రశ్నలు ‘ఫలానా గ్రంథకర్త ఎవరు’ అన్నంత తేలికగా కూడా రావు. నాలుగు గ్రంథాలిచ్చి కాలక్రమంలో పెట్టమంటారు, రెండు వాక్యాలిచ్చి ఒకటి రెండోదానికి కారణం అవునా కాదా అంటారు, రెండు పట్టికలను జతపరచమంటారు. ప్రశ్నపత్రం ఇంగ్లిషులోనూ హిందీలోనూ ఉంటుంది, తెలుగులో ఉండదు. ఈ చివరి సంగతికి ఎంత ప్రాముఖ్యం ఉందో నాకు మూడో నెలలో గానీ బోధపడలేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఈ తరగతికి ప్రాణం తాళ పాఠం. దాన్ని చెప్పినది మృదంగ విద్వాంసులైన ఒక మాస్టారు. తాళ దశప్రాణాలు, అంటే తాళానికి ప్రాణమైన పది అంశాలు, అనగానే ‘కాలో మార్గ క్రియాంగాని’ అనే శ్లోకం వల్లెవేయించి, పది పేర్లూ బోర్డు మీద రాసి వదిలేస్తారనుకున్నాను, ఎం.ఏ.లో నాకు జరిగింది అదే. ఈయన శ్లోకం ఒక్కసారి చదివి, పదింటిలోనూ అందరూ దాటవేసే చివరి ప్రాణం ప్రస్తారంతో, అంటే తాళంలోని భాగాలైన అంగాలను విడగొట్టి వరుసగా రాసే పద్ధతితో, మొదలుపెట్టారు. కెమెరాను పైనుంచి కిందికి వంచి, పిల్లలు వాడే మామూలు పలక ఒకటి దాని కింద పెట్టుకుని, సుద్దతో ఎనిమిది అంకెను పోలిన, గురువు అనే అంగం గుర్తు గీశారు. ద్రుతాన్ని ఒకటిగా తీసుకుంటే లఘువు రెండు, గురువు నాలుగు, ప్లుతం ఆరు. గురువు విలువను ఎన్ని విధాలుగా విడగొట్టి రాయవచ్చు, వాటిని ఏ వరుసలో రాయాలి అన్నది ప్రశ్న.

సూత్రం ఇది. పై వరుసను ఎడమ నుంచి చూసుకుంటూ వచ్చి, ద్రుతం కంటే పెద్దదైన మొదటి అంగం కింద దానికన్నా ఒక మెట్టు చిన్న అంగాన్ని రాయాలి. దాని కుడివైపున ఉన్నవాటిని ఉన్నవున్నట్టు కిందికి దించుకోవాలి. మొత్తానికి ఇంకా ఎంత తక్కువపడిందో దాన్ని ఎడమవైపున, వీలైనంత పెద్ద అంగాలతో, కుడి నుంచి ఎడమకు పూరించుకుంటూ పోవాలి. వినడానికి చిక్కుముడిలా ఉంటుంది గానీ, చేత్తో రాస్తే మూడు నిమిషాల పని. మొదట గురువు, దాని కింద రెండు లఘువులు, తర్వాత ద్రుతం, ద్రుతం, లఘువు, ఆ తర్వాత ద్రుతం, లఘువు, ద్రుతం, అయిదోది లఘువు, ద్రుతం, ద్రుతం, చివరికి నాలుగు ద్రుతాలు. అన్నీ ద్రుతాలే అయ్యాక ఇక దిగడానికి మెట్టు లేదు కనుక అక్కడ ఆగిపోతాం. మొత్తం ఆరు. మాస్టారు పలక తుడిచేసి, ‘ఇప్పుడు మీరందరూ కాగితం బోర్లించి మళ్లీ రాయండమ్మా, చూసి రాసింది లెక్కలోకి రాదు’ అన్నారు. ఇరవై రెండు చిన్న గళ్లలో ఇరవై రెండు తలలు వంగాయి. నా నాలుగో వరుస తప్పింది. ఎడమవైపు మిగిలిన మూడింటిని లఘువు, ద్రుతంగా రాశాను, ద్రుతం, లఘువుగా రాయవలసింది. కుడి నుంచి పూరించాలన్న మాట చెవిన పడిందే తప్ప చేతిదాకా రాలేదని ఆ తప్పు వల్లనే తెలిసింది.

మరునాడు ప్లుతానికి ఎన్ని ప్రస్తారాలని అడిగారు. అన్నీ రాయకుండానే లెక్కకట్టే దారి చూపించారు: చివర ద్రుతం ఉండేవాటి సంఖ్య, దానికి ముందు మిగిలే అయిదింటికి ఎన్ని ప్రస్తారాలో అంతే, అంటే 10, చివర లఘువు ఉండేవి నాలుగింటికి ఉన్నన్ని, 6, చివర గురువు ఉండేవి రెండింటికి ఉన్నన్ని, 2, ప్లుతం ఒక్కటే ఒకటి. కలిపితే 19. శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉండి ‘సంగీత రత్నాకరం’లో తాళాధ్యాయం రాసేటప్పటికే ఈ లెక్కలన్నీ స్థిరపడి ఉన్నాయంటే, మనం తాళం పేరిట నేర్చుకునేదానికి వెనుక ఎంత గణితం ఉందో ఊహించుకోవచ్చు. నా ఉద్దేశంలో 9,000 రూపాయల్లో సగం ఈ ఎనిమిది పాఠాలకే చెల్లిపోయింది. ముప్పై అయిదు తాళాల పట్టిక కూడా ఆయన బట్టీ పట్టించలేదు. ధ్రువంలో మూడు లఘువులు, ఒక ద్రుతం. అటలో రెండు లఘువులు, రెండు ద్రుతాలు. ఇలా అంగాలు గుర్తుంటే చాలు, ద్రుతానికి రెండేసి, లఘువుకు జాతిని బట్టి (చతురశ్రమైతే నాలుగు, ఖండమైతే అయిదు) అక్షరాలు అప్పటికప్పుడు వచ్చేస్తాయి. చతురశ్రజాతి ధ్రువానికి 4, 2, 4, 4 కలిపి 14. నన్ను ఇబ్బంది పెట్టిన రెండో తాళం అదే.

మేళకర్తల, అంటే ఏడు స్వరాలూ ఉండే 72 మూల రాగాల, పాఠం చెప్పినవారు గాత్ర విద్వాంసులు. ఇక్కడ పద్ధతి బాగుంది, అచ్చు పుస్తకం బాగాలేదు. మేళం సంఖ్య చెబితే స్వరాలు చెప్పే పద్ధతిని ఆయన శుభ్రంగా నేర్పారు: 65లో ఒకటి తీసేసి ఆరుతో భాగిస్తే భాగఫలం 10, శేషం 4, రెండింటికీ ఒక్కొక్కటి కలిపితే పదకొండోదైన రుద్ర చక్రంలో (ఆరేసి మేళాలు ఒక చక్రం) అయిదో మేళం, ఏడో చక్రం నుంచి ప్రతిమధ్యమం కాబట్టి మధ్యమం తేలింది, పదకొండులో ఆరు పోగా అయిదో చక్రానికి చెందిన చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, చక్రంలో అయిదో మేళం కనుక చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. కల్యాణి సిద్ధం. దీనికి తోడు, హల్లులకు అంకెలిచ్చి పేరు నుంచి సంఖ్య రాబట్టే కటపయాది సూత్రం: కల్యాణి మేళం పేరైన మేచకల్యాణిలో మ అయిదు, చ ఆరు, తిప్పి చదివితే 65.

చిక్కు వచ్చింది నోట్సులోని 72 మేళాల పట్టికతో. అందులో ఇరవయ్యో మేళం ‘నటభైరవి’ అని అచ్చయింది. సూత్రం ప్రకారం న సున్న, ట ఒకటి. తిప్పితే 10 వస్తుంది, అది నాటకప్రియ. ఆ పేరు ‘నఠభైరవి’ అని ఠకారంతో ఉండాలి. ఠ విలువ రెండు, అప్పుడే 20. మామూలు వ్యాసంలో అయితే ఇది ఒత్తు తప్పు అనుకుని చూసీచూడనట్టు పోవచ్చు. ఇక్కడ అక్షరమే అంకె. ఒత్తు పోతే మేళమే మారిపోతుంది. పట్టికలో ఇటువంటివి నా కంటపడినవే ఏడున్నాయి, అన్నీ పాఠం విన్న తర్వాత పట్టుకున్నవే. పాఠానికి ముందే పుస్తకం చదువుకున్నవారు తప్పునే నేర్చుకుని ఉంటారు. గుంపులో రాస్తే మాస్టారు వెంటనే ఒప్పుకున్నారు. నోట్సు టైపు చేసినవారికి సంగీతం రాదట. అచ్చుకు పంపేముందు సంగీతం వచ్చినవారు ఒకసారి చదవడం 1,400 రూపాయల పుస్తకానికి ఎక్కువ కోరిక కాదు.

ఇదే పాఠంలో సంయుక్తాక్షరాల చర్చ మాత్రం ఈ అయిదు నెలల్లో నేను విన్నవాటిలోకెల్లా నిజాయితీ గల బోధన. సంయుక్తాక్షరంలో చివరి హల్లుకే విలువ అని సాధారణ సూత్రం. రత్నాంగిలో త్న అనేదానికి నకారం విలువ సున్న తీసుకుంటాం, రెండో మేళం వస్తుంది, సూత్రం నిలబడింది. షడ్విధమార్గినిలో వకారం తీసుకుంటే 46, అదీ నిలబడింది. చక్రవాకం దగ్గరికి వచ్చేసరికి రకారం తీసుకుంటే 26 అవుతుంది, అది చారుకేశి; చక్రవాకం 16 కావాలంటే మొదటి హల్లు కకారాన్నే తీసుకోవాలి. దివ్యమణి, విశ్వంభరి, శ్యామలాంగి కూడా అంతే. సింహేంద్రమధ్యమంలో అయితే ‘సిం’లోని అనుస్వారాన్ని మకారంగా లెక్కపెడితే గానీ 57 రాదు. శాంతకల్యాణిలో, ఝంకారధ్వనిలో అదే అనుస్వారాన్ని లెక్కలోకి తీసుకోం. ఒక విద్యార్థిని ‘ఇంతకీ సూత్రం ఏది మాస్టారూ’ అని అడిగితే, ఆయన సర్దిచెప్పే ప్రయత్నం చేయలేదు. పేర్లను సంఖ్యకు సరిపోయేలా కూర్చినప్పుడు ఎక్కడ ఏ హల్లు కలిసివస్తే అది తీసుకున్నారని, అందువల్ల జంటాక్షరం వచ్చినప్పుడు రెండు సంఖ్యలూ కట్టి, రాగం పాడుకుని, ఏది నిలుస్తుందో చూసుకోవాలని చెప్పి, చక్రవాకం, చారుకేశి ఆరోహణ అవరోహణలు వెంట వెంటనే పాడి వినిపించారు. ఒకదానిలో శుద్ధరిషభం, చతుశ్రుతి ధైవతం. రెండోదానిలో చతుశ్రుతి రిషభం, శుద్ధ ధైవతం. చెవికి అవి ఎంత దూరమో వినగానే తెలిసిపోతుంది, ఇక అంకె మరవలేం.

ఇంగ్లిషు సంగతి ఇక్కడే బయటపడింది. పరీక్షలో రాగాల పేర్లు ఇంగ్లిషు లిపిలో ఉంటాయి, ఆ లిపిలో మామూలుగా రాస్తే ట, త ఒకే అక్షరం, ఠ, థ ఒకటే, ణ, న ఒకటే. కటపయాదిలో ట ఒకటి, త ఆరు. ఠ రెండు, థ ఏడు. ణ అయిదు, న సున్న. పేరు తెలుగు లిపిలో కళ్ల ముందు మెదిలితే తప్ప లెక్క కుదరదు. తెలుగులో చదువుకున్నవారికి ఇది పెద్ద అనుకూలత. కానీ సాంకేతిక పదాల విషయంలో ఇదే తిరగబడుతుంది. గ్రహం, న్యాసం, అపన్యాసం, అల్పత్వం, బహుత్వం అని రాగ లక్షణాలను గడగడా చెప్పగలిగినవారు, అవే మాటలకు ఇంగ్లిషులో వివరణ ఇచ్చి ‘ఇది దేన్ని సూచిస్తుంది’ అంటే తడబడతారు. తరగతి మొదటి రెండు నెలల్లో పాఠం, నోట్సు, పరీక్ష మొత్తం తెలుగులోనే సాగింది. మూడో నెలలో ఒక నమూనా పరీక్షను ఇంగ్లిషులో పెట్టగానే బ్యాచి మార్కులు ఒక్కసారిగా పడిపోయాయి, నావి 68 నుంచి 49కి. ఆ తర్వాతే రెండు భాషల పదకోశం తయారుచేసి పంపారు. అది మొదటి రోజు చేతికి ఇవ్వవలసిన కాగితం.

శ్రుతుల (స్థాయిలోని 22 సూక్ష్మ స్వరస్థానాల) పాఠం చెప్పిన వీణ టీచరుగారు ‘నాట్యశాస్త్రం’ రాసిన భరతుడి చతుస్సారణను, అంటే తీగలను నాలుగుసార్లు దించి శ్రుతులను లెక్కకట్టే ప్రయోగాన్ని, చేసి చూపించారు. ఈ ప్రయోగాన్ని నాలుగు వాక్యాల్లో రాసుకుని మార్కులు తెచ్చుకున్నవాళ్లమే అందరం, ఎవరమూ విన్నది లేదు. ఆమె స్వరమండలాలు అనే తీగవాద్యాలు రెండు పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కదానిలో ఏడేసి తీగలు భరతుడు చెప్పిన స్వరక్రమం షడ్జగ్రామానికి శ్రుతి చేశారు. ఒకటి ధ్రువవీణ, కదలదు. రెండోది చలవీణ, సారణ సారణకూ ఒక్కో శ్రుతి దిగుతుంది. రెండో సారణలో చలవీణ గాంధార నిషాదాలు ధ్రువవీణ రిషభ ధైవతాలతో కలిసిపోతాయి, మూడోదానిలో రిషభ ధైవతాలు షడ్జ పంచమాలతో, నాలుగోదానిలో షడ్జ మధ్యమ పంచమాలు నిషాద గాంధార మధ్యమాలతో. రెండు, మూడు, నాలుగు శ్రుతుల స్వరాలు ఏవేవో అలా తేలిపోతాయి, కూడితే 22. అయితే మొదటి ఇరవై నిమిషాలు మాకు వినిపించింది టక్ టక్ మన్న మీటు శబ్దం మాత్రమే. మాట్లాడే గొంతును మాత్రమే ఉంచి మిగతాదాన్ని రొదగా భావించి తొలగించే ఏర్పాటు వీడియో యాప్‌లో ఉంటుంది, తీగ నాదం మొత్తం దానికే బలైపోయింది. కువైట్‌లో ఉన్నామె ఆ ఏర్పాటును ఎక్కడ ఆపాలో చెప్పాక, ఒక్కసారిగా నాదం ఇంట్లోకి వచ్చింది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని నాలుగో సారణ విన్నాను. రెండు తీగల మధ్య అలలాగా ఊగుతున్న ధ్వని నెమ్మదిగా నిదానించి, ఆగి, ఒక్కటైపోయింది. సంగీతం నేర్పే ఆన్‌లైన్ తరగతికి ఈ యాప్ సంగతి మొదటి వారంలోనే తెలిసి ఉండాలన్న ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది.

హిందుస్థానీ భాగం నాలుగు పాఠాలతో ముగించారు. తక్కువే, కానీ సమయం వృథా కాలేదు. హిందుస్థానీ శాస్త్రకర్త భాత్‌ఖండే పది థాట్‌లను (వారి మూల స్వరక్రమాలను) మన మేళాలతో జతచేసి చెప్పి, తికమకపెట్టే చోట ఆగారు: వారి భైరవి మన తోడి, వారి తోడి మన శుభపంతువరాళి, మన భైరవి మళ్లీ వేరు. జతపరిచే ప్రశ్నల్లో ఉచ్చు ఎక్కడ పన్నుతారో దీన్నిబట్టి తెలిసిపోతుంది. రవీంద్ర సంగీతానికి ఒకే ఒక పాఠం, అదీ వీడియో చూసి రాసుకోమన్నారు.

ఈ శిక్షణలో నేను గట్టిగా తప్పుపట్టేది గ్రంథ చరిత్ర పాఠాలను. పన్నెండు తరగతులు, అంటే నెల రోజులు, తెర మీద నోట్సు చదువుతూ రాయించారు. ‘సంగీత రత్నాకరం’లో ఏడు అధ్యాయాలు, ‘స్వరమేళకళానిధి’ 1550, ‘రాగవిబోధం’ 1609, ఆ తర్వాత వేంకటమఖి ‘చతుర్దండి ప్రకాశిక’ అంటూ పేరు, కర్త, కాలం ఒకదాని కింద ఒకటి. ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారో, ఒక గ్రంథంలో ఉన్న ఏ ఇబ్బంది మరో గ్రంథానికి కారణమైందో ఎక్కడా లేదు. అది లేకుండా కాలక్రమం ప్రశ్నకు జవాబు రాయడం అంటే పంచాంగం కంఠస్థం చేయడమే. తెలుగువారికి చేతికందే సంగతులు కూడా జారిపోయాయి. రత్నాకరానికి వ్యాఖ్యానం రాసిన సింగభూపాలుడు రాచకొండ పద్మనాయక ప్రభువు అని, ‘స్వరమేళకళానిధి’ రాసిన రామామాత్యుడు విజయనగరం వాడని, కాకతి గణపతిదేవుని గజసేనాని జాయప నృత్త శాస్త్రం రాశాడని ఒక్కొక్క మాట చెప్పి ఉంటే ఆ పేర్లు మాకు ఊరివాళ్లలా గుర్తుండేవి.

అన్నింటికన్నా బాధ కలిగించింది సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’కి ఒకే ఒక్క వాక్యం దక్కడం. 1904లో ఎట్టయాపురంలో, తెలుగు లిపిలో అచ్చయిన గ్రంథం అది. గమకాలకు గుర్తులతో సహా స్వరపరచిన కీర్తనలను మనం ఇతరుల సాయం లేకుండా నేరుగా చదువుకోగలం. అందులో మేళాల పేర్లు వేంకటమఖి సంప్రదాయానివి: హనుమతోడికి జనతోడి, మేచకల్యాణికి శాంతకల్యాణి, నఠభైరవికి నారీరీతిగౌళ, ఖరహరప్రియకు శ్రీరాగం. కనకాంగితో మొదలయ్యే మామూలు మేళాల పట్టిక ఒక్కటే చదివి పరీక్షకు వెళ్లినవారికి ఈ రెండో పట్టిక పేర్లు ఎదురైతే చెయ్యి ఆడదు. నేను అడిగాక, ‘అది సిలబస్‌కు కొంచెం ఎక్కువమ్మా’ అన్నారు. ఎక్కువ కాదు, కటపయాది నేర్పిన మాస్టారే మరో గంట కేటాయిస్తే రెండు పట్టికలూ కలిసి వచ్చేవి. శ్రీరాగంలో శకారాన్ని వదిలి రేఫ తీసుకుంటే గానీ 22 రాదన్న ముచ్చట కూడా ఆ గంటలోనే చెప్పుకోవచ్చు.

నమూనా పరీక్షలు ఇరవై. ప్రశ్నలు బాగానే ఉన్నాయి, జవాబుల కీ నమ్మదగినది కాదు. ఆరో పరీక్షలో ‘14 అక్షరాల తాళం ఏది’ అని అడిగి, చతురశ్రజాతి ధ్రువ, ఖండజాతి అట, మిశ్రజాతి మఠ్య, సంకీర్ణజాతి త్రిపుట అని నాలుగు ఐచ్ఛికాలు ఇచ్చారు. చివరి రెండింటికి 16, 13. మొదటి రెండూ సరైనవే. కీలో ధ్రువ ఒక్కటే ఒప్పుగా చూపించి, అట రాసినవారందరికీ సున్నా వేశారు. నేను, నాగస్వర విద్వాంసుడు చెరి రెండు సందేశాలు పంపాక, మూడో రోజున మార్కులు కలిపారు. దిద్దుతారు, కాదనను, కానీ దిద్దించుకునే పని విద్యార్థి మీద పడుతుంది. అలా దిద్దించగలిగినంత వచ్చినవారికి ఆ పరీక్షతో అంత అవసరం లేదు, అవసరం ఉన్నవారికి తప్పు జవాబే మిగిలిపోతుంది.

మిగతా ఏర్పాట్లు చెప్పుకోదగ్గవి. పాఠాలు వేళకు మొదలయ్యాయి. రెండుసార్లు కచేరీల వల్ల రద్దయితే వేరే రోజున పెట్టారు. సందేహం పంపితే తాళం మాస్టారు అదే రాత్రి గొంతుతో జవాబిచ్చేవారు, చరిత్ర పాఠాల సందేహాలకు వారం పట్టేది. పాఠాల వీడియోలు ముప్పై రోజులే ఉంచుతారు. నాలుగో నెలలో మొదటి నెల పాఠం తిరిగి చూడాలనుకునేవారికి ఇది అన్యాయం, ఎందుకంటే చతుస్సారణ లాంటిది పరీక్షకు ముందు మరోసారి వినవలసినదే గానీ నోట్సులో చదివేది కాదు. మధ్యలో మానేసినవారికి ఫీజు వెనక్కి ఇవ్వరన్న సంగతి చేరేటప్పుడే స్పష్టంగా చెప్పారు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

ఎం.ఏ. చేసి, పాడగలిగి, లక్షణం దగ్గర కాళ్లు వణికేవారు తాళం, మేళం, శ్రుతుల పాఠాల కోసం ఈ తరగతిలో చేరవచ్చు. చరిత్ర మాత్రం సొంతంగా చదువుకోవాలి. ఆ నెల రోజులూ తరగతికి వెళ్లకుండా గ్రంథాలయంలో గడిపినా నష్టపోరు. సంగీతం మొదటినుంచి నేర్చుకుంటూ థియరీ కూడా ఇక్కడే వచ్చేస్తుందనుకునేవారికి ఇది తగదు. పాడితేనే తేలే సంగతులు సగం ఉన్నాయి. తాళ ప్రస్తారం, కటపయాది, చతుస్సారణ పాఠాలను విడిగా, ఆరు వారాల శిక్షణగా అమ్మితే 4,000 రూపాయలైనా కట్టి మళ్లీ చేరతానని ముగ్గురికీ రాశాను. ఆలోచిస్తామన్నారు. ఆ జవాబుతోపాటే నోట్సుకు సవరణల పట్టిక ఒకటి పంపారు, రెండు పేజీలు. అందులో ఇరవయ్యో మేళం పేరు ఠకారంతోనే ఉంది.